గూడ్సు బండి వేళల్లో ఇంటి చదువు

మా ఇంట్లో వారం అనేది లేదు. ఆదివారం వస్తుంది, పోతుంది. ఆ రోజు మా ఆయన బిట్రగుంటలో, బండి దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో నిద్రపోతూ ఉండొచ్చు, రాజమండ్రి ఇవతల ఎక్కడో ఎర్ర సిగ్నల్ దగ్గర కూర్చుని ఉండొచ్చు. బెజవాడ డివిజన్‌లో గూడ్సు లోకో పైలట్ ఆయన. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్లు నడిపేవాళ్లకి లింకు, అంటే ముందే వేసిన డ్యూటీ పట్టీ, ఉంటుంది కాబట్టి ఏ రోజు ఏ బండో ముందే తెలుస్తుంది. గూడ్సుకి ఆ ముచ్చట లేదు. డ్యూటీకి రెండు గంటల ముందు ఫోన్ మోగుతుంది, అంతే. మా మామయ్యగారి రోజుల్లో కాల్ బాయ్ సైకిలేసుకుని వచ్చి తలుపు కొట్టేవాడట. ఇప్పుడు తలుపు బదులు ఫోను. ఒంటిగంటకి మోగినా, తెల్లవారుజామున మోగినా లేచి క్యారేజీ సర్దాల్సిందే.

ఇక నా సంగతి. ఇంట్లోనే కూర్చుని గవర్నర్‌పేట, వన్‌టౌన్ వైపు చిన్న చిన్న షాపులకి జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెల నెలా 11కి ఒక రిటర్ను, 20కి ఇంకొకటి. ఆ తేదీలు దగ్గరపడితే నన్ను ఎవరూ పలకరించకపోవడం మంచిది. ఇంకా అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అమ్ములుకి ఇప్పుడు పన్నెండేళ్లు, చిన్నోడికి ఎనిమిది.

"ఇంట్లో ఎలా చదివిస్తున్నావ్, టైంటేబుల్ ఏంటి?" అని అడిగేవాళ్లందరికీ ముందు ఈ కథంతా చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత చెప్పేది అర్థం కాదు.

పిల్లల్ని బడి మాన్పించడం వెనక పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. వాళ్ల స్కూలు పొద్దున ఎనిమిదికి మొదలై, స్టడీ అవర్‌తో కలిపి సాయంత్రం అయిదున్నరకి వదిలేది. రాత్రి డ్యూటీ చేసి ఈయన పొద్దున తొమ్మిదికి ఇల్లు చేరేసరికి పిల్లలు ఉండరు. నిద్ర లేచి నాలుగింటికి కాఫీ తాగేసరికీ రారు. వాళ్లొచ్చి బ్యాగులు దించే వేళకి మళ్లీ ఫోను. చిన్నోడు యూకేజీలో "మా నాన్న" అని బొమ్మ గీయమంటే మంచం మీద దుప్పటి ముసుగేసుకున్న మనిషిని గీసుకొచ్చాడు. టీచర్ పాపం నవ్వి ఊరుకుంది, ఈయన మాత్రం నవ్వలేదు. దానికి తోడు అమ్ములుకి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అన్నారు. ఫీజు కాగితం చూసిన రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.

చట్టం ఏమంటుందో చదివాను, లెక్కలు చూసేదాన్ని కదా, సెక్షన్లంటే భయం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి. 10వ సెక్షన్ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించని తల్లిదండ్రులకి ఆ చట్టంలో శిక్షంటూ ఏదీ లేదు. ఇంటి చదువుకి గుర్తింపూ లేదు, నిషేధమూ లేదు. నాకు ధైర్యమిచ్చింది 4వ సెక్షన్. బడి బయట ఉన్న పిల్లలు ఎప్పుడొచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని ఉంది అందులో. అంటే వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉందన్నమాట. టీసీ తీసుకుని జాగ్రత్తగా బీరువాలో పెట్టాను.

డబ్బు సంగతీ చెప్పాలి. రైల్వేలో పిల్లల చదువు అలవెన్సు ఉంటుంది. ఒక్కో బిడ్డకి నెలకి 2,250 రూపాయలు ఇచ్చేవారు, 2024 జనవరి నుంచి అది 2,812 దాటింది. దానికి స్కూలు హెడ్మాస్టర్ సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో హెడ్మాస్టర్ అత్తయ్యే గానీ ఆవిడ సంతకం అకౌంట్స్ వాళ్లకి చెల్లదు. ఇద్దరి అలవెన్సూ పోయింది. పోయిన ఫీజుతో పోలిస్తే అదెంత అనుకున్నాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో ఈ ఆలోచన చేసేవాళ్లు ముందే లెక్క వేసుకోండి.

అందరూ చేసినట్టే మేమూ మొదట స్కూలు టైంటేబుల్‌నే ఇంటికి తెచ్చుకున్నాం. తొమ్మిదికి లెక్కలు, పదికి తెలుగు, పదకొండుకి సైన్సు. స్కెచ్ పెన్నులతో రంగులేసి ఫ్రిజ్ మీద అంటించింది అమ్ములు. దసరా దాకా కూడా నిలవలేదది. కారణం చాలా మామూలుది. మాది రెండు గదుల ఇల్లు. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి తొమ్మిదిన్నరకి పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే చిన్నోడు గొంతెత్తి తెలుగు పాఠం చదవాలి. వీడికి మనసులో చదవడం అప్పటికింకా రాలేదు. "మెల్లగా చదవరా" అంటే గుసగుసగా చదివేవాడు, నాలుగు లైన్లకి గొంతు దానంతటదే పెరిగేది. లోపల దగ్గు వినిపించేది. నిద్ర చాలని లోకో పైలట్ మళ్లీ రాత్రికి బండెక్కడం అంటే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. పుస్తకం మూయక తప్పేది కాదు.

అప్పుడు టైంటేబుల్ తీసేసి, వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాను. ఆ గడుల్లో తిథి, వర్జ్యం, రాహుకాలం పక్కన కొంచెం చోటుంటుంది. పాలవాడి లెక్క రాసుకునే చోటు. అక్కడ ప్రతి రోజూ మూడు అక్షరాలు: ఈయన ఎక్కడున్నారు, అమ్ములు ఎప్పుడు చురుగ్గా ఉంది, చిన్నోడు ఎప్పుడు చురుగ్గా ఉన్నాడు. చదివించడం ఆపలేదు, కానీ బలవంతం తగ్గించి చూస్తూ కూర్చున్నాను. ఇంటి చదువు మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా పుస్తకాలు కొనకముందు ఈ పని చేయమంటాను.

క్యాలెండర్ రెండు పేజీలు తిరిగేసరికి సంగతి తెలిసింది. అమ్ములు పొద్దున ఆరింటికి లేస్తే టిఫిన్ లోపే రోజంతటి లెక్కలు చేసేస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత దానికి లెక్కలిస్తే కూడికలు కూడా తప్పులే. చిన్నోడు పదకొండు దాకా మనిషి కాడు. స్నానం చేసి, ఏదో ఒకటి తిని, వీధిలో రెండు చక్కర్లు కొట్టాక అప్పుడు మొదలవుతుంది వాడి బుర్ర. కూర్చోబెడితే పది నిమిషాలు, నిలబడి చేస్తే అరగంట. ఎక్కాలు మేడమెట్లు ఎక్కుతూ చెబుతాడు. స్కూల్లో ఈ ఇద్దరికీ ఒకే గంట కొట్టేవారు.

ఇంకోటి కూడా తేలింది. మా ఇంట్లో గడియారం ప్రకారం ఏదీ జరగదు గానీ, ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి మాత్రం తప్పవు. టిఫిన్ ఎనిమిదికైనా పదికైనా టిఫిన్ ఉంటుంది. సాయంత్రం అత్తయ్య దీపం పెట్టకుండా ఏ రోజూ గడవదు. అందుకని వేళలు తీసేసి వరస పెట్టుకున్నాం. టిఫిన్‌కి ముందో వెనకో లెక్కలు, ఎవరి వీలును బట్టి వాళ్లకి. అన్నానికి ముందు చదవడం, రాయడం. దీపం పెట్టాక అత్తయ్య దగ్గర కూర్చుని ఒక పద్యం, ఒక కథ. ఈ మూడూ ఉంటే ఆ రోజు బడి జరిగినట్టే. మిగతావన్నీ వీలును బట్టి.

ఆ వీలు అనేది ఈయన డ్యూటీ మీద ఆధారపడుతుంది. మా ఇంట్లో రోజులు మూడు రకాలు, పేర్లు పిల్లలే పెట్టారు: బండి రోజు, నిద్ర రోజు, నాన్న రోజు.

బండి రోజు అంటే ఈయన ఊళ్లో ఉండరు. ఇల్లు మాది. చిన్నోడు ఎంత గట్టిగానైనా చదవొచ్చు, పాడొచ్చు, సైన్సు పేరు చెప్పి వంటసోడా, నిమ్మకాయలు తగలేయొచ్చు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే వాడతాం. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేవి. ఇవి ఇంటి చదువుకి చేసినంత మేలు ఏ ఖరీదైన మెటీరియలూ చేయలేదని నా అభిప్రాయం. అమ్ములు ముందు తెలుగు పేజీ చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీ చదువుతుంది. అర్థమయ్యిందా అని నేను అడగక్కర్లేదు.

నిద్ర రోజు అంటే చప్పుడు లేని చదువు. కుక్కర్ కూడా పెట్టను, అన్నం గిన్నెలోనే వండి వార్చేస్తాను. మ్యాపులు, బొమ్మలు, చేతిరాత, కథల పుస్తకాలు ఆ రోజుకి. లేదా పిల్లల్ని వేసుకుని బయటపడతాను. ఠాగూర్ లైబ్రరీకి, బాపు మ్యూజియానికి, లేదంటే ఏటి అవతలకి ఉండవల్లి గుహలకి. ఒకే రాతిలో తొలిచిన అనంతశయనుణ్ణి చూసి "ఈయన కూడా నైట్ డ్యూటీ చేసొచ్చాడా?" అన్నాడు చిన్నోడు. కొండపల్లి వెళ్లినప్పుడు తెల్లపొణికి చెక్క ముక్క ఒకటి చేతికిచ్చి బరువు చూడమన్నారు ఒక బొమ్మలాయన. వాడు ఇప్పటికీ ఆ ముక్క నీళ్లలో వేసి, తీసి, ఆరబెట్టి, మళ్లీ వేస్తుంటాడు. అది ఏ సబ్జెక్టులో రాయాలో తెలియక "ఇతరములు" అని రాశాను.

నాన్న రోజు అంటే హెడ్‌క్వార్టర్ రెస్టు. పెద్ద డ్యూటీ చేసి ఇల్లు చేరితే పదహారు గంటలు రెస్టు ఉంటుంది. అందులో నిద్ర పోను మిగిలింది పిల్లలది. ఈయన పుస్తకం పట్టుకుని చెప్పే మనిషి కాదు. రాజమండ్రిలో మా పిన్నత్తగారింటికి వెళ్తున్నప్పుడు రైల్లో జరిగింది చెబుతాను. అమ్ములుని కిటికీ పక్కన కూర్చోబెట్టి చేతికి వాచీ ఇచ్చారు. పట్టాల పక్కన కిలోమీటరు పోస్టు కనపడగానే చూడాలి, తర్వాతి పోస్టు కనపడగానే ఎన్ని సెకన్లయిందో చెప్పాలి. "నలభై అయిదు" అంది. 3,600ని 45తో భాగించమన్నారు. "ఎనభై!" ఇంకాసేపటికి నలభై సెకన్లు, అంటే తొంభై. ముప్పై ఆరొస్తే వంద. సెకన్లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతోందని అదే పట్టేసింది. ఏలూరు దాటేసరికి కాగితం మీద పట్టీ తయారయ్యింది, దాన్ని గ్రాఫు గీస్తే గీత తిన్నగా రాకుండా వంగింది. "ఎందుకు వంగింది నాన్నా?" అన్న ప్రశ్న మీదే తాడేపల్లిగూడెం దాకా వెళ్లాం. విలోమానుపాతం అనే మాట తర్వాత పుస్తకంలో కనపడితే "ఓ, ఇదా" అని పేజీ తిప్పేసింది. ఎదురు సీట్లో పెద్దాయన మాత్రం ఏ స్కూలమ్మా, ఏ స్కూలమ్మా అని ఒకటే ఆరా.

అత్తయ్య సంగతి వేరే. మొదట్లో ఆవిడ బాధ చదువు గురించి కాదు. "ఏమే అమ్మాయ్, పదకొండింటికి పిల్లలు వీధిలో తిరుగుతుంటే జనం ఏమనుకుంటారు? ఫీజు కట్టలేకపోయారనుకోరూ?" అనేవారు. చెప్పి చెప్పి నేనే ఊరుకున్నాను. ఆవిడ మారింది ఆవకాయ రోజుల్లో. ఆవపిండి, కారం, ఉప్పు మానికతో కొలుస్తుంటే, తవ్వంటే ఎంత అని చిన్నోడు అడిగాడు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆవిడ గడగడా చెప్పేసరికి వాడు నోరు తెరిచాడు. కుంచంలో సోల ఎన్నో వంతు? వంటింట్లో గిన్నెలన్నీ దించి, బియ్యంతో కొలిచి, పదహారో వంతని తేల్చారు నాయనమ్మా మనవడూ. నేలంతా బియ్యం. భిన్నాలు వాడికి నేను చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి దీపం వేళ చదువు ఆవిడ సొంతం. నేను తల దూరిస్తే ఒప్పుకోరు. వేమన పద్యాలు వరసగా వస్తున్నాయి వాడికి, తప్పు చదివితే మళ్లీ మొదటికి పంపిస్తారు. నాకన్నా కఠినం.

నా 11, 20 తేదీలకి విడిగా ఏర్పాటుంది. ఆ ముందు రెండు మూడు రోజులు కొత్త పాఠం ఏదీ ఎత్తుకోం. పాతవి చేసుకోవడం, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం. అమ్ములు నా పక్కన కూర్చుని బిల్లులు తేదీల వరసలో పేరుస్తుంది. 18 శాతం, 5 శాతం దానికి అలా వంటబట్టాయి. పిల్లతో పని చేయిస్తున్నావని మా చెల్లెలు దెప్పింది. చేయిస్తున్నాను మరి.

ఏ వరసా నిలవని రోజులు కూడా ఉంటాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్లు కట్టుబట్టలతో మా ఇంటికొచ్చారు. రెండు గదుల్లో పదిమందిమి. ఆ రోజుల్లో బడి లేదు, క్యాలెండర్ గడులు ఖాళీ. కానీ టీవీలో రోజంతా క్యూసెక్కులు, క్యూసెక్కులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఆ వరదలో 11.43 లక్షలకి వెళ్లింది. "క్యూసెక్కు అంటే ఎంతమ్మా?" అంది అమ్ములు. సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు. మన డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్క క్యూసెక్కుతో ముప్పై అయిదు సెకన్లలో నిండుతుంది. మరి 11.43 లక్షలైతే? అదే కూర్చుని లెక్క వేసింది: ఒక్క సెకనులో ముప్పై రెండు వేల ట్యాంకులు. మూడుసార్లు సరిచూసుకుంది, నమ్మలేక. మా బాబాయి ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ల ఇంట్లో మొదటి అంతస్తు దాకా నీళ్లు.

తర్వాత మళ్లీ వరసలో పడటానికి కష్టపడలేదు. పాత టైంటేబుల్ అయితే "ఇన్ని పీరియడ్లు పోయాయి" అని లెక్కేసుకుని ఏడ్చేదాన్ని. పిన్నివాళ్లు వెళ్లిన మర్నాడు టిఫిన్ అయ్యింది, లెక్కల పుస్తకం తీశారు.

వేసవి గురించి అడుగుతారు. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం చదువు జరిగే పని కాదు. ఏప్రిల్ నుంచి పొద్దున ఏడు లోపే అన్నీ, తర్వాత నిద్రలు, పుస్తకాలు, చింతపండు గింజలతో ఆటలు. ఎండని వాడుకునే పని ఒక్కటే ఉంది: మే మొదటి వారంలో డాబా మీద కర్ర నిలబెట్టి నీడ చూడటం. మన ఊరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజుల్లో పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకి నీడ మాయమవుతుంది. కాళ్లు కాలిపోతుంటే గోనెసంచి మీద నిలబడి చూశారు. ఆగస్టులో మళ్లీ ఒకసారి వస్తుంది గానీ అప్పుడు మబ్బు.

స్నేహితులు లేకపోతే ఎలా అన్న ప్రశ్నకి నా జవాబు చిన్నది. సాయంత్రం అయిదున్నర అయితే కాలనీ పిల్లలందరూ బయటే ఉంటారు, మావాళ్లూ బయటే ఉంటారు. కాకపోతే పొద్దుటి పూట ఒంటరితనం ఉంది అమ్ములుకి, లేదనను. ఈ మధ్య ఎనిమిదో తరగతికి స్కూల్లో చేరి చూస్తానంటోంది. చేరొచ్చు. చేరకపోతే కేంద్రం నడిపే ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్ ఉంది, మన రాష్ట్రంలో 1991 నుంచి ఉన్న ఓపెన్ స్కూలు ఉంది. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పరీక్షలు ఏప్రిల్-మేలోనూ, అక్టోబరు-నవంబరులోనూ ఉంటాయి. ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు, అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. ఈ మాట చెబితే మా చెల్లెలు కాస్త ఊపిరి పీల్చుకుంది.

వార్డు సచివాలయం నుంచి బడి మానేసిన పిల్లల సర్వేకి ఒకమ్మాయి వచ్చింది. నోటు పుస్తకాలు, నీడ కొలతల కాగితాలు, రైలు వేగాల పట్టీ అన్నీ ముందు పెట్టాను. ఓపిగ్గా చూసింది. "బాగానే చదువుతున్నారు మేడమ్, కానీ మా యాప్‌లో 'బడికి వెళ్తున్నారు', 'వెళ్లడం లేదు' తప్ప ఇంకో గడి లేదే" అంది. టీ తాగి, 'వెళ్లడం లేదు' నొక్కి వెళ్లిపోయింది.

ఇప్పటికీ కుదరనిది హిందీ. నాకు రాదు, అత్తయ్యకి అసలే రాదు. ఈయనకి ధారాళంగా వచ్చు కాబట్టి నాన్న రోజుకి పెట్టాం. కానీ ఆయన హిందీ అంతా రన్నింగ్ రూముల్లో, వాకీటాకీ మీద నేర్చుకున్నది. మొన్న చిన్నోడు కూరగాయల బండి అతనితో "సిగ్నల్ నహీ మిలా, ఖడా రహో" అన్నాడు. పాపం అతను నిజంగానే ఆగాడు. అక్షరాలు నేర్పే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, 20వ తేదీ తర్వాత.